కుమరన్ నగర్ హాల్టులో ముప్పై రెండో టికెట్టు

కుమరన్ నగర్ హాల్టులో టికెట్లిచ్చే జయరామయ్య రైల్వే ఉద్యోగి కాడు. కమిషన్ మీద టికెట్లమ్మే రైతు. గుడియాత్తం, లత్తేరి స్టేషన్ల మధ్య పొలాలన్నీ ప్లాట్లయి కొత్త ఊరు లేచినప్పుడు, రైలు ఇక్కడ ఆగాలని పదేళ్ళు అర్జీలు పట్టుకుని తిరిగింది ఆయనే. స్టేషనుకు దారి కోసం తన శనక్కాయల చేలో ఒక ముక్క కూడా వదులుకున్నాడు.

ఇప్పుడు పొద్దున ఏడున్నర ప్యాసింజరుకు ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టే చోటుండదు. అయినా ఆయన కిటికీలో కూర్చుని ఈగలు తోలుకోవాల్సిందే. హాల్టులో నెల పాసులివ్వరు. అందుకని రోజూ కాట్పాడికి పనికెళ్ళే మేమంతా, ఆయన కోడలు హేమప్రియతో సహా, గుడియాత్తం వెళ్ళి అక్కడి నుంచి కాట్పాడికి పాసు తీసుకుంటాం. మేము ఎక్కేది ఇక్కడే అయినా మా ప్రయాణాలన్నీ గుడియాత్తం లెక్కలోనే పడతాయి. చివరికి పైనుంచి కాగితం వచ్చింది. ఇక్కడ ఎక్కేవాళ్ళు లేరట. తనిఖీ రోజు ఏడున్నర బండికి నూరు టికెట్లు అమ్ముడుపోకపోతే ఇక రైలు ఆగదట.

జయరామయ్య గడపగడపకూ తిరిగాడు. కొన్ని ఇళ్ళలో తమిళం, మన ఇళ్ళలో తెలుగు, మాట మాత్రం ఒకటే.

"పాసుంటే ఉండనీ నాయనా. ఆ ఒక్క దినం నా కాడ టికెట్ కొనండప్పా."

అందరం సరేనన్నాం. ఆ పొద్దున మాట ప్రకారం వచ్చి నిలబడ్డాం కూడా. వరస రోడ్డు దాకా సాగింది. ఆయనవి ఇంకా అట్ట టికెట్లే. ఒక్కోదాన్నీ తేదీ వేసే ఇనప యంత్రంలో పెట్టి నొక్కాలి. రోజుకు పది టికెట్లు నొక్కే చెయ్యి అది, తొందరలో అట్టలను తిరగేసి పెట్టింది. తలకిందులుగా పడిన తేదీలను మళ్ళీ మళ్ళీ నొక్కుతూ ఉండగానే రైలొచ్చింది. ఆగేది ఒక్క నిమిషం. జేబుల్లో పాసులున్న మేము వరస వదిలేసి పరుగెత్తాం. నేనూ పరుగెత్తాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

తర్వాత జరిగింది హేమప్రియే చెప్పింది. తనిఖీకి వచ్చినాయన ముప్పై ఒకటి అని రాసుకున్నాడు.

"అంత మంది ఎక్కినారు సార్, మీరే చూస్తిరి కదా" అన్నాడు జయరామయ్య.

చూసింది రాయడానికి వీల్లేదు, అమ్మిందే రాయాలి అని తనిఖీ ఆయన మెల్లగా చెప్పి పుస్తకం మూసేశాడట.

ఖాళీ ప్లాట్‌ఫారం మీద హేమప్రియ ఒక్కతే నిలబడి ఉంది. ఆ పూట పని పోగొట్టుకుని, కిటికీలోకి చెయ్యి చాపింది.

"మామా, నాకింకా టికెట్ ఇయ్యలేదు."

జయరామయ్య ఆమె ముఖం చూడలేదట. ఒక అట్టముక్క తీసి, ఈసారి తేదీ సరిగ్గా పడేలా నొక్కి ఇచ్చాడట.