పై దారం

ఆ మేడలో కింది వాటా పెద్దకోడలిది, పై వాటా చిన్నకోడలిది. పద్దెనిమిదేళ్ళుగా కిటికీ పక్కన పాత తొక్కుడు మిషను వేసుకుని పెద్దామె వీధి వీధంతటికీ బట్టలు కుట్టింది. నిరుడు చిన్నామె మోటారు మిషను కొనుక్కున్నాక, కుట్టించుకునేవాళ్ళు పెద్దామె గుమ్మం దాటి మెట్లెక్కే చెప్పుల చప్పుడు మొదలైంది. చప్పుడు చప్పుడుకీ పెద్దామె కడుపు రగిలేది. ఆమె కుట్టింది తప్ప మరొకటి ఒంటిమీద వేసుకోనన్న టీచరు కూడా మొన్న పైకే వెళ్ళింది. వెళ్తూ నవ్వుతూ పలకరించింది. అది పుండు మీద కారం.

ఒక మధ్యాహ్నం చిన్నామె గుడ్డపీలిక పట్టుకుని కిందికి దిగింది. పైవైపు కుట్టు బాగానే ఉంది. తిరగేస్తే దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతోంది.

"కింది దారం వదులైనట్టుంది అక్కా. ఏం చెయ్యను?"

పెద్దామెకు చూడగానే అర్థమైంది. అడుగున ఉచ్చులు పడితే తప్పు పై దారానిది. గుడ్డను అదిమిపట్టే పాదం దించి ఉంచి దారం ఎక్కించి ఉంటుంది. అది దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్ళల మధ్యకి దిగలేదు. పాదం పైకెత్తి మళ్ళీ ఎక్కిస్తే సరిపోతుంది, నిమిషం పని.

"అవును, కిందిదే. బాబిన్ కేసు స్క్రూ గట్టిగా బిగించు" అంది.

పైన మోటారు కాసేపు తిరగడం, ఆగిపోవడం. మొదటి రోజు ఆ చప్పుడు పెద్దామె చెవులకు ఇంపుగానే ఉంది. రెండో రోజు టీచరు ఉత్త చేతులతో దిగిపోతుంటే కూనిరాగం కూడా తీసింది. మూడో రోజు మరిది వచ్చాడు. చిన్నామె మిషను అమ్మేద్దామంటోందట. అక్క చెప్పినట్టే చేసినా కుదరలేదంటే లోపం తన చేతిలోనే ఉందని ఏడుస్తోందట.

పెద్దామె తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయింది. తరవాత లేచి మెట్లెక్కింది.

చిన్నామె స్క్రూ ఎంత బిగించిందంటే కింది దారం లాగితే తెగుతోంది. కింది దారం ఉండే బాబిన్ కేసును ఆ దారంతోనే వేలాడదీసి, చిన్నగా కుదిపితే బెత్తెడు జారి ఆగేదాకా వదులు చేసింది. పాదం ఎత్తి పై దారం మళ్ళీ ఎక్కించింది. పీలిక మీద కుట్టి తిప్పి చూస్తే రెండు వైపులా ఒకే తీరు. తన పాత మిషను మీద ఎన్నడూ కుట్టు అంత సన్నగా రాలేదు. మళ్ళీ కడుపు మండింది.

"పొరపాటు పడ్డావా అక్కా?"

"లేదు. తెలిసే చెప్పాను."

చిన్నామె మిషను ముందు కూర్చుంది. టీచరు జాకెట్టు తీసి కుట్టడం మొదలుపెట్టింది. పెద్దామె మెట్లు దిగిపోయింది.

నెల్లాళ్ళు పైనుంచి ఎవరూ రాలేదు. ఆ తరవాత కాలరు తిప్పడం ఎలాగో అడగడానికి చిన్నామె వచ్చింది. పెద్దామె ఉన్నదున్నట్టు చెప్పింది. చిన్నామె అక్కడే, పెద్దామె మిషను మీదే, ముందు పీలిక కుట్టి చూసుకుంది. ఇప్పటికీ అక్క ఏం చెప్పినా అలా చూసుకున్నాకే నమ్ముతుంది.