తోలేవాడి సీటు

పోయిన ఆదివారం మా అల్లుడు భోంచేసి, సోఫాలో కూలబడి ఫోను తీశాడు. కొత్త కారు కొనాలట. ఈ ఏడాది మధ్య సైజు సెడాన్లన్నీ రూపం మార్చుకుని వచ్చాయట, వాటిని పక్కపక్కన పెట్టి పోల్చే వీడియో ఒకటి ఉందట, నన్నూ చూడమన్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. నల్ల చొక్కా వేసుకున్న ఒకతను మూడు కార్ల చుట్టూ తిరుగుతూ ఇంజన్ బలం ఎంత, మైలేజీ ఎంత, పైకప్పుకు అద్దం ఉందా లేదా, ధర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది అని గడగడా అప్పజెప్పాడు. చివరికి వెనక సీట్లో కూర్చుని, కాళ్లు బారజాపి, "ఇక్కడ రాజాలా కూర్చోవచ్చు" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "రాజు సంగతి సరే బిడ్డా, తోలెటోడు ఎట్ల కూసుంటడో చెప్పిండా?" అన్నాను. అల్లుడికి అర్థం కాలేదు. కుర్చీలో కునుకు తీస్తున్న మా ఇంటాయన మాత్రం కళ్లు మూసుకునే నవ్వాడు. ఆ నవ్వు వెనక ఒక కారు కథ ఉంది. అల్లుడికి చెప్పిందే మీకూ చెబుతాను.

రెండు వేల పదమూడు నాటి మాట. మాది తొండుపల్లి. మా జొన్న చేను అప్పటికే విమానాశ్రయంలో కలిసిపోయింది. మా బోరు ఉన్న చోట ఇప్పుడు విమానాలు దిగుతాయని మా ఇంటాయన అంటాడు. కాదు, అక్కడ కార్లు నిలుపుతారని ఆయన అన్న, అంటే మా బావ అంటాడు. అన్నదమ్ములిద్దరూ ఈ సంగతి ఇప్పటికీ తేల్చుకోలేదు, తేల్చుకోరు కూడా. భూమి పైసలతో మా బావ ఏనుగుల్లాంటి తెల్ల బండ్లు రెండు కొన్నాడు. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల భూమి పోయిన ప్రతి ఇంటి ముందూ అలాంటి బండి ఒకటి ఉండేది, దాని అద్దం మీద ఇంటి పేరు రాసి ఉండేది. మా వాటా పైసలు ఇంటి స్లాబుకూ, ఇద్దరు ఆడపిల్లల చదువుకూ పోయాయి. నేను మిషను కుడుతూ ఉండిపోయాను. ఆయన ఒక ట్రావెల్స్‌లో డ్రైవరుగా చేరి, మా చేను మీదుగానే రోజూ జనాన్ని తెచ్చి దింపేవాడు.

డ్రైవర్ల మాటల్లో బండెక్కిన మనిషి పేరు సవారి. ఆ సవారి కోసం మా ఇంటాయన నేర్చుకున్న మర్యాదలు చూస్తే నవ్వూ వచ్చేది, ఒళ్లూ మండేది. సవారికి ఏసీ, సవారి దిగగానే ఏసీ బంద్. పార్కింగులో ఎండలో మాడుతూ ఎదురుచూసేటప్పుడు డీజిలు కాల్చకూడదని ఓనరు హుకుం. పొడుగు మనిషి ఎక్కితే పక్క సీటును పూర్తిగా ముందుకు నెట్టి పెట్టేవాడు. ఇద్దరెక్కితే తన సీటునూ ముందుకు జరుపుకుని, మోకాళ్లు స్టీరింగు కిందికి ఇరికించుకుని, ఆ ఇరుకులోనే పట్నం పోయి వచ్చేవాడు. ఇంటికొచ్చినా ఆ అలవాటు పోయేది కాదు. అన్నానికి కూర్చున్నా మోకాళ్లు దగ్గరికి ముడుచుకునే కూర్చునేవాడు. "ఇక్కడ సవారి ఎవరూ లేరు, కాళ్లు చాపు" అని నేను దెప్పేదాన్ని. చాపేవాడు, మళ్లీ కాసేపటికి ముడుచుకునేవాడు.

సొంత కారు ఆలోచన పుట్టింది నా జ్వరంలోంచి. ఆ ఎండాకాలం నాకు చలిజ్వరం పట్టుకుని ఎంతకూ వదల్లేదు. మా ఆయన ఓనరును బతిమాలి, ఒక పూటకు ట్రావెల్స్ బండి అడిగి, నన్ను పట్నం దవాఖానకు బయలుదేరదీశాడు. శంషాబాద్ దాటి సాతంరాయి చేరామో లేదో, ఫోను మోగింది. సవారి విమానం దిగాడు, ఉన్నపళంగా విమానాశ్రయానికి రావాలి. మా ఆయన ఎంతో చెప్పుకున్నాడు. అవతలి మాట నాకు వినబడలేదు కానీ, వింటున్న మనిషి ముఖం కనబడింది. బండి పక్కకు తీసి ఆపాడు. "ఏమే, జర బస్సుల పోతవా? నేను పోకుంటే ఇగ బండి తాళం గుంజుకుంటడట" అన్నాడు. దిగాను. సాతంరాయి బస్టాపులో ఆ మిట్టమధ్యాహ్నం శాలువా కప్పుకుని వణుకుతూ నిలబడితే, ఆ బండి వెనక్కి తిరిగి, ఎక్కబోయే సవారి కోసం ఏసీ పెట్టుకుని, ఖాళీ సీటుతో నా ముందునుంచే వెళ్లింది. ఆయన నా వైపు చూడలేకపోయాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆ బండి మీద వచ్చింది. ఎవడూ ఫోను చేసి వెనక్కి పిలవలేని బండి ఒకటి మాకు కావాలని ఆ బస్టాపులోనే గట్టిగా అనుకున్నాను.

జ్వరం తగ్గాక మాట బయటపెట్టాను. ఇంట్లో పెద్దగా గొడవేం కాలేదు కానీ మా బావ వచ్చి కూర్చున్నాడు. చాయ తాగి, గ్లాసు కింద పెట్టి, "కొనుక్కో తమ్మీ, ఎవరొద్దన్నరు? పసుపు ప్లేటు పెట్టు, ట్రావెల్స్‌ల తిప్పు, లోను అదే కడుతది. తెల్ల ప్లేటు పెట్టుకోని ఇంటిముంగట నిలబెట్టి ఏం జేస్తవ్? డ్రైవరుకు షోకుబండి ఎందుకురా?" అన్నాడు. మా ఆయన తల ఊపుతున్నాడు. అన్న ముందు ఆయన తల ఎప్పుడూ పైకీ కిందికే ఊగుతుంది, అడ్డంగా ఊగడం నేను చూడలేదు. తలుపు దగ్గర నిలబడ్డ నేను కొంగు నిండుగా కప్పుకుని, మర్యాద తప్పకుండానే అన్నాను. "బావా, మీ బండ్లు రెండు తెల్ల ప్లేటువే కద. అవ్విటిని ఎందుకు కొన్నరు?" ఆయన "మేం ఎక్కనీకి" అన్నాడు. "మేం గూడ ఎక్కనీకే" అన్నాను. బావ రెండో చాయ తాగకుండానే లేచి వెళ్లిపోయాడు.

ఆ ఏడాది కార్ల కంపెనీలన్నిటికీ ఏం పూనిందో, మధ్య సైజు సెడాన్లన్నిటికీ కొత్త ముఖం, కొత్త దీపాలు పెట్టి వదిలాయి. మా ఆయన పార్కింగులో దోస్తులను అడిగి మూడింటిని తేల్చాడు. కంపెనీ పేర్లు నాకు నోరు తిరగలేదు, నా పేర్లు నేనే పెట్టుకున్నాను. మొదటిది పొదుపు బండి. ధర అన్నిటికంటే తక్కువ, డీజిలు చుక్కచుక్కగా తాగుతుంది, ఫ్లైఓవరు మాత్రం ఆయాసపడుతూ ఎక్కుతుంది. రెండోది షోకు బండి, వెండి రంగు. తాళం చెవి తిప్పకుండా బటన్ నొక్కితే స్టార్టయ్యేది, వెనక్కి పోతుంటే వెనక ఏముందో తెరలో చూపించేది, వెనక కూర్చున్నవాళ్లకు వేరే ఏసీ. ధర కూడా షోకుదే. మూడోది దమ్మున్న బండి, ముదురు ఎరుపు. ఔటర్ రింగు రోడ్డు మీద పరీక్షకు తోలితే కాలు ఇలా ఆనించగానే హిమాయత్ సాగర్ నీళ్లు పక్కన మెరిసి మాయమయ్యాయి. దాని ధర రెండింటికీ నడుమ, షోకులు తక్కువ, వెనక సీటు ఇరుకు.

షోరూములకు మేము పోయిన తీరు ఇప్పుడు తలచుకుంటే నాకే నవ్వొస్తుంది. మా పక్కింటివాళ్లబ్బాయి దుబాయి నుంచి తెచ్చుకున్న పెద్ద సూట్‌కేసు ఒకటి అడిగి తీసుకుని, ఆటోలో వేసుకుని మూడు షోరూములకూ మోసుకెళ్లాం. డిక్కీలో పడుతుందో లేదో చూడాలని మా ఆయన పట్టు. మొదటి షోరూములో కాపలాదారు మమ్మల్ని చూసి, విమానాశ్రయానికి ఇటు కాదు అటు అని దారి చూపించాడు. లోపల టై కట్టుకున్న అబ్బాయి మా ఇంటాయన తెల్ల యూనిఫాం చూడగానే, "సార్, ట్యాక్సీకి కదండీ? మీకు ఈ కొత్త మోడల్ అనవసరమండీ. పాత మోడల్ ట్యాక్సీల కోసమే ఇంకా ఇస్తున్నారు, పవర్ విండోస్ ఉండవు కానీ మీవాళ్లందరూ అదే తీసుకుంటున్నారండీ" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆ 'మీవాళ్లు' మాత్రం నాకు ఎక్కడో గుచ్చుకుంది. "మావోళ్లు ఏం కొంటరో మాకెరుక బాబూ. కొత్తగ వచ్చింది చూపెట్టు" అన్నాను. చూపించాడు.

మా ఆయన పరీక్ష మొదలుపెట్టాడు. మూడు షోరూముల్లోనూ అదే వరస. ముందు డిక్కీ తెరిచి సూట్‌కేసు పెట్టి చూశాడు, అడ్డంగా పెట్టాడు, నిలువుగా పెట్టాడు. తరువాత వెనక తలుపు ఎంతవరకు తెరుచుకుంటుందో చూశాడు. వెనక కూర్చుని మోకాళ్లకూ ముందు సీటుకూ నడుమ బెత్తె పెట్టి కొలిచాడు. వెనక కూర్చున్నవాళ్లకు ఏసీ గాలి ముఖానికి తగులుతుందా, మెడకు తగులుతుందా అని నన్ను కూర్చోబెట్టి అడిగాడు. స్పీడు బ్రేకరు మీద పోయినప్పుడు వెనక ఎంత ఎగిరిందో అడిగాడు. మూడో షోరూము బయటికి వచ్చి, సూట్‌కేసు మీద చెయ్యి ఆనించి, తీర్పు చెప్పాడు. "షోకు బండే. లోను జర ఎక్కువైతది గని, వెనక సీటు కుర్సీ లెక్కున్నది. డిక్కీల రెండు పెట్టెలు పడుతయి. సవారి కుష్ అయితడు."

"సవారా? ఎవరా సవారి?" అన్నాను.

ఆయన సూట్‌కేసు ఎత్తబోయాడు.

"మూడు బండ్లు తోలినవ్ కద. తోలెటోని సీటు దేంట్ల మంచిగున్నది?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు పాపం. మూడింటినీ తోలి వచ్చిన మనిషికి, తాను కూర్చున్న సీటు మెత్తనో గట్టో గుర్తులేదు. చివరికి, "ఎట్లుంటేంది? తోలెటోనికి ఏదైతేంది" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. నడిరోడ్డు మీద, దుబాయి సూట్‌కేసు పక్కన నిలబడి ఏడ్చాను. చేను పోయిన నాడు ఏడవలేదు, సాతంరాయిలో దిగిన నాడు ఏడవలేదు, ఆ మాటకు ఏడ్చాను. తరువాత కొంగుతో ముఖం తుడుచుకుని, "పా, మళ్ల పోదాం. మూడిట్లకు పోదాం. ఇగ వెనక సీటు మొకం సూస్తే ఊకోను" అన్నాను. ఆయన అక్కడే నసుగుతుంటే సూట్‌కేసును షోరూము కాపలాదారుకు అప్పగించి, లోపలికి నడిచాను. వెనకే వచ్చాడు.

ఎర్ర బండి తలుపు తీసి ఆయనను ముందు కూర్చోబెట్టాను. ఎక్కగానే చెయ్యి అలవాటుగా సీటు కిందికి పోయి, సీటును ముందుకు గుంజుకుంది. మోకాళ్లు స్టీరింగు కిందికి చేరాయి. "వెనకకు జరుపు" అన్నాను. కొంచెం జరిపాడు. "ఇంక." ఇంకొంచెం జరిపాడు. "అడ్డంబడేదాంక జరుపు!" అని గట్టిగా అంటే అక్కడున్నవాళ్లంతా తిరిగి చూశారు. సీటు టక్కుమని చివరికి పోయి ఆగింది. ఆయన కాళ్లు చాపుకున్నాడు. వీపు ఆనించాడు. ఐదేళ్లుగా బండ్లలోనే బతుకుతున్న మనిషి, బండిలో వీపు ఆనించి కూర్చోవడం నేను అప్పుడే చూశాను. కాసేపటికి, "ఇది నడుముకు మంచిగ ఆనుతున్నదే" అన్నాడు, ఎవరిదో రహస్యం చెప్పినట్టు. మిగతా రెండింట్లోనూ కూర్చోబెట్టాను. ఒకదాంట్లో తల పైకప్పుకు తగిలింది, రెండోదాంట్లో సీటు జారుడుబల్లలా ఉందన్నాడు. ఇప్పుడు అన్నీ తెలుస్తున్నాయి ఆయనకు.

ఎర్ర బండే కొన్నాం. తెల్ల ప్లేటే పెట్టాం. టెంకాయ కొట్టిన రోజు మా బావ వచ్చి, వెనక కూర్చుని, మోకాళ్లు తడుముకుంటూ, "గిదేం బండిరా, కాళ్లు ముడుసుకోవాలె" అన్నాడు. "బావా, మీకు కాళ్లు నొస్తే మీ బండ్లనే రాండ్రి. ఈ బండిల తోలెటోనికే కాళ్లు చాపుకునే జాగ" అన్నాను. ఈసారి మా ఆయన తల పైకీ కిందికీ ఊగలేదు. ఊరికే నిలబడి, బండి అద్దం తుడిచాడు.

మొదటి రోజు ఇద్దరమే బయలుదేరాం. నేను ముందు సీట్లో, ఆయన పక్కనే కూర్చున్నాను. సాతంరాయి బస్టాపు రాగానే ఆపమన్నాను. "ఎందుకే?" అంటే "ఊకెనే" అన్నాను. ఏసీ ఆపబోతే చెయ్యి పట్టుకుని ఆపనివ్వలేదు. బయట ఎండ అప్పటిలాగే మండుతోంది, జనం బస్సు కోసం నిలబడి ఉన్నారు. అంతలో ఫోను మోగింది. ఆయనకు ఆ రోజు సెలవే, కానీ ఆ ఓనరుకు సెలవుల లెక్క ఎప్పుడూ ఉండేది కాదు. ఆయన ఫోను వంక చూశాడు, నా వంక చూశాడు, ఎత్తాడు. "లేదు సార్, ఇయ్యాల రాను" అన్నాడు. అవతల ఏదో గదమాయింపు. "బండిల సవారి ఉన్నది సార్." ఎవరని అడిగినట్టున్నాడు. మా ఇంటాయన వీపు సీటుకు ఇంకా గట్టిగా ఆనించుకుని, "మేమే సార్" అని ఫోను పెట్టేశాడు.

ఆ ఎర్ర బండి ఇంకా మా ఇంటి ముందే ఉంది. రంగు వెలిసింది, ఆ మోడల్ కంపెనీయే ఆపేసిందట, అమ్మితే ఏమీ రాదని అల్లుడు ప్రతిసారీ గుర్తుచేస్తాడు. మొన్న ఆదివారం కథంతా విని, లేచి వెళ్లి దాంట్లో కూర్చున్నాడు. పెడళ్లు అందలేదు కాబోలు, చెయ్యి సీటు కిందికి పోనిచ్చాడు. నేను గుమ్మంలోంచే కేక వేశాను. కాలం ఎంత ముందుకైనా పోనీ, ఆ సీటు మాత్రం ఇంచు కూడా ముందుకు జరగదు.