ఏమో అన్న ఇల్లు

మా సార్ కిందటి నెలలో పోయారు. ఆ కబురు వచ్చినప్పుడు నేను ఇబ్రహీంపట్నంలో మా డిగ్రీ కాలేజీలో పరీక్ష డ్యూటీ చేస్తున్నాను. ఫోన్లు బయట పెట్టి హాల్లోకి వెళ్ళాలి కాబట్టి మూడు గంటలపాటు ఆ కబురు స్టాఫ్ రూములో బల్ల మీద మోగుతూనే ఉంది. నేను బయటికి రాగానే అటెండర్ ఎదురొచ్చి, “మేడం, మీ ఫోను ఊకె మోగుతుంది. జర చూడున్రి, ఎవలికో బాగలేనట్టుంది” అన్నాడు. ఎదుటి మనిషి చెప్పేది ఎట్లా వినాలో నాకు నేర్పిన మనిషి కబురే నేను మూడు గంటలు ఆలస్యంగా విన్నాను.

సార్ ఉండే తుర్కయాంజాల్ చేరేసరికి అపార్ట్‌మెంటు కింద, కార్లు నిలిపే చోట, సార్‌ను అద్దాల పెట్టెలో ఉంచారు. పక్క ఫ్లాట్లవాళ్ళు ఇద్దరు గోడవార నిలబడి మాట్లాడుకుంటున్నారు. “యూనివర్సిటీల ప్రొఫెసరంట” అన్నాడొకతను. “ఏం సబ్జెక్టు?” “సోషలంట.” “అంటే గీ బడిల చెప్పే సోషలేనా?” ఇంకో రోజైతే నాకు కోపం వచ్చేది. ఆ రోజు సార్ వింటే నవ్వేవారు కదా అనిపించి ఏడుపొచ్చింది.

ఈ పేజీ చదివేవారిలో సార్‌ను ఎరిగినవాళ్ళు ఎక్కువమంది ఉండరు. ఆయన టీవీలో కనబడలేదు, సన్మానాలు చేయించుకోలేదు. సమాజాన్ని చదివే చదువుల కోసమే పెట్టిన ఒక యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు, రిటైరయ్యారు. నేను అక్కడ చేరడం వెనక గొప్ప ఆశయమేమీ లేదు. నాకు ఇంజినీరింగు సీటు రాలేదు, అంతే. ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజినీరింగు కాలేజీలు పుట్టుకొస్తున్న కాలం. పొద్దున్నే రంగురంగుల కాలేజీ బస్సులు మా ఇంటి ముందునుంచి వెళ్తుంటే మా బాపు టైలరింగు మిషను ఆపి వాటివైపు చూసేవాడు. తర్వాత నావైపు చూసేవాడు.

ఇప్పుడు చెప్పబోయేది జరిగి ఇరవై ఏళ్ళకు దగ్గర పడుతోంది. హైదరాబాదు పెరిగి పెరిగి సాగర్ రోడ్డు మీదుగా మా దిక్కు వచ్చేసింది. కందులు, జొన్నలు వేసే చెలకల్లో సున్నం పూసిన రాళ్ళు, రంగు జెండాలు పాతారు. ఆదివారాలు సిటీ నుంచి కార్లు వచ్చి ఆగేవి. ఆ రోజుల్లోనే సార్ మమ్మల్ని మంచాల మండలం వెళ్ళే దారిలో ఒక ఊరికి సర్వేకు తీసుకెళ్ళారు. భూములమ్ముకున్న ఇళ్ళలో ఆ అమ్మకం ఎట్లా జరిగింది, తర్వాత ఎవరు ఏ పనికి వెళ్తున్నారు అన్నది తెలుసుకోవడం మా పని.

సార్‌ది నల్లగొండ దిక్కు. క్లాసులో పుస్తకాల తెలుగు మాట్లాడేవారు. బస్సు దిగగానే ఆ భాష ఆయన నోట్లోంచి పోయేది. ఊళ్ళో అడుగుపెట్టే ముందు చేతి గడియారం విప్పి జేబులో వేసుకునేవారు. “మన చేతికి గడియారం కనబడ్డదంటే ఆళ్ళు మన తొందర చూసి జవాబు చెప్తరు, ఆళ్ళ ముచ్చట చెప్పరు” అనేవారు. ఏ ఇంటికి వెళ్ళినా మొదట మంచినీళ్ళు అడిగేవారు. ఊరి చివర వాడలో ఎల్లమ్మక్క అని ఒకావిడ చెంబు పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడింది. “మా ఇంట్ల తాగుతరా సారూ?” అంది. “దూప అయితుందక్కా, తే” అన్నారు సార్. చెంబు ఖాళీ చేసి ఇంకో చెంబు అడిగారు.

ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన సార్‌ను పట్టుకుని, “గా ఇంజినీరింగు కాలేజీలల్ల ఇంజినీర్లు తయారైతరు. మీ యూనివర్సిటీల ఏం తయారైతది?” అని అడిగాడు. సార్ చాలాసేపు ఆలోచించారు. “తయారైతే వచ్చి చెప్తనే. ఇంక కాలే” అన్నారు. ఆ పెద్దాయన పగలబడి నవ్వాడు. సార్ నవ్వలేదని ఆ వేళ నేను గమనించలేదు.

మా ఫారంలో ఒక ప్రశ్న ఉండేది: భూమి అమ్మాలని మీ ఇంట్లో ఎవరు నిర్ణయించారు? దాని పక్కన ఒక చిన్న గడి. భర్త అంటే ఒకటి, కొడుకు అంటే రెండు, ఇంట్లో అందరూ కలిసి అంటే మూడు, అట్లా. తెలియదు అంటే తొమ్మిది. నేను ఆడవాళ్ళను అడిగాను. చాలామంది ‘ఏమో’ అన్నారు. నేను తొమ్మిది వేసుకుంటూ పోయాను. ఎల్లమ్మక్క కూడా ‘ఏమో’ అంది. ఆమెకూ తొమ్మిదే.

సాయంత్రం ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదుట చాయ్ హోటల్లో సార్ ఫారాలు ఒక్కొక్కటే చూశారు. చాయ్ చల్లారిపోయింది.

“ఏం పిల్లా, ఊళ్ళె ఆడోళ్ళందరికి మతిమరుపా?”

“లేదు సార్. అందరూ ‘ఏమో’ అన్నారు. అంటే తెలియదనే కదా.”

“నీది గీ దిక్కే గద. మీ అమ్మ ఏమో అంటే తెలియదనేనా?”

మా అమ్మ ‘ఏమో’ అన్నదంటే అన్నీ తెలిసే అంటుంది.

“మొగడు ఎనక నిలబడ్డడని ఏమో అంటరు. చెప్తే ఏమైతదో అని ఏమో అంటరు. నువ్వెవతివి నన్ను అడుగనీకె అని ఏమో అంటరు. గివన్ని తీసి తొమ్మిదిల ఏసినవ్. రేపు పో. నిర్ణయించుడు గిర్ణయించుడు అనకు. ఎవలు అమ్ముదామన్నరక్కా అని అడుగు. ఏమో అంటే ఊకె కూసో.”

మర్నాడు వెళ్ళాను. ఎండలు ముదిరిన రోజులు. ఒక్కో ఇంట్లో కూర్చున్నాను, నిజంగానే కూర్చున్నాను. కొందరు చెప్పారు, కొందరు ఏడ్చారు. మధ్యాహ్నం దాటాక ఎల్లమ్మక్క ఇల్లు ఒక్కటే మిగిలింది. వాడ చివరిదాకా నడవాలి. బస్సు వచ్చే వేళయింది. నేను బస్సు షెల్టరులో అరుగు మీద కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, ఆమె ఫారంలో తొమ్మిది కొట్టేసి మూడు వేశాను. పక్కన ‘ఇంట్లో అందరూ కలిసి’ అని రాశాను. సార్ ఫారాలు తీసుకుని సంచిలో పెట్టుకున్నారు.

రిపోర్టు ఇంగ్లిషులో వచ్చింది. మంచి పేరు వచ్చిందన్నారు. లైబ్రరీలో ఒక అరలోకి చేరింది. సార్‌కు మాత్రం నిద్రపట్టలేదు. సర్వే మొదటిరోజు ఎల్లమ్మక్క, “రాసుకపోయి ఏం జేస్తరు?” అని అడిగితే, “రాసింది తెచ్చి నీకే చదివి ఇనిపిస్తమక్కా” అని మాటిచ్చి వచ్చారాయన. రిపోర్టు తెలుగులో వేసి ఊళ్ళో చదువుదామని యూనివర్సిటీ మీటింగులో అడిగారు. పరిశోధన చేసి ప్రచురించడం వరకే మన పని, ఊళ్ళో చదవడం మన పని కాదన్నారట. బయటికి వచ్చి క్యాంటీనులో మాతో అన్న మాట నాకిప్పటికీ చెవిలో ఉంది. “బ్రోకర్లు పోయి యేలుముద్ర తీస్కొచ్చిన్రు. మనం పోయి మాట తీస్కొచ్చినం. ఆళ్ళకు ఏం ఫరక్ కనబడ్తది చెప్పు?”

తర్వాత రిపోర్టు తెచ్చి నా చేతిలో పెట్టారు. “నీది ఆ దిక్కే. నీ తెలుగుల రాయి. మనిద్దరమే పోయి చదువుదాం.”

నాలుగు అధ్యాయాలు రాశాను. ఐదోది ఇంట్లో ఎవరి మాట చెల్లింది అన్నదాని గురించి. అది తెరవడానికి నా చెయ్యి ఆడలేదు. తెరిస్తే షెల్టరులో నేను వేసిన ‘మూడు’ అందులో ఉంటుంది. దాన్ని తెలుగులో రాసి, ఊళ్ళో ఎల్లమ్మక్కను ఎదురుగా కూర్చోబెట్టుకుని చదవాలి. వాయిదా వేశాను. ఉద్యోగం అన్నాను, పెళ్ళన్నాను, పిల్లలన్నాను. సార్ రిటైరయ్యాక కూడా ఫోన్ చేసేవారు. ఎట్లున్నవ్ అని అడిగాక అదే ప్రశ్న: “ఐదో చాప్టర్ ఎందాక వచ్చింది?” వస్తోంది సార్ అనేదాన్ని. ఇన్నేళ్ళూ అదే జవాబు. ఒకసారైనా గొంతు పెంచలేదాయన. తిట్టి ఉంటే బాగుండేది.

మొన్న ఎండాకాలం సార్‌కు ఊపిరితిత్తుల జబ్బు బాగా ముదిరిందని తెలిసి వెళ్ళాను. మంచం పక్కన ఆక్సిజన్ మిషను గురగురలాడుతోంది. ఇక దాచుకోలేకపోయాను. “సార్, ఎల్లమ్మక్క ఇంటికి ఆ రోజు నేను పోలేదు. షెల్టరులో కూర్చుని నేనే రాశాను” అన్నాను.

“తెల్సు” అన్నారు.

నేను తలెత్తి ఆయనవైపు చూశాను.

“అందరి ఇండ్లల్ల నిలబడి రాసినవ్, కూసుంటె మోకాలు మీద రాసినవ్. నీ అక్షరం వంకరటింకర ఉండె. గా ఒక్క ఫారంల కొట్టేసి రాసిన మాట సాపు ఉండె, ముత్యాల లెక్క. మనిషి ఎదురుంగ ఉంటే గంత సక్కగ రాయలేం.”

“మరి ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు సార్?”

“నువ్వు చెప్పాలె గద.” కాసేపు ఊపిరి అందలేదు. తర్వాత పుస్తకాల అర వైపు వేలు చూపించారు. “రిపోర్టుల ఐదో చాప్టర్ తియ్యి. కింద చిన్నక్షరాలు చదువు.”

తీశాను. పట్టిక కింద ఇంగ్లిషులో ఒక వాక్యం ఉంది. ఒక ఇంటిని ఇందులో లెక్కలోకి తీసుకోలేదు, ఆ ఇంటివారిని ఇంకా అడగవలసి ఉంది. ఇన్నేళ్ళూ నేను భయపడిన పేజీలో నా అబద్ధం లేనే లేదు. సార్ దాన్ని పక్కకు తీసి, ఆ చోటు ఖాళీగా ఉంచారు. నేను ఆ పేజీ తిప్పలేదు, అంతే.

“జర నయం కానీ. ఇద్దరం పోదాం” అన్నారు. నయం కాలేదు.

సార్ దశదినకర్మ అయిన వారం, పూర్తి చేసిన ఐదో అధ్యాయం పట్టుకుని ఆ ఊరికి వెళ్ళాను. ఆ చెలకల్లో ఇప్పుడు కాంపౌండు గోడ, లోపల సిమెంటు రోడ్లు, సగం కట్టిన ఇళ్ళు. గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది ఎల్లమ్మక్క. పొద్దున రోడ్లు ఊడ్చి, పగలు గేటు తీసి వేస్తుందట. ఆ గేటు లోపలే ఎక్కడో ఆమె భూమి ఉంది. నేనెవరో చెప్పాను.

“సారు రాలేదా?” అంది.

చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“రెండు మూడుసార్లొచ్చిండు బిడ్డా. బస్సు దిగి నడ్సుకుంట వచ్చి, నీళ్ళు తాగి, జరసేపు కూసొని పోయేటోడు. మా పిల్లొస్తది, ఒక మాట అడుగుతది, దానికే చెప్పక్కా అనేటోడు. ఏం మాటనో ఏమో అని నేను సూస్తనే ఉన్న.”

సార్ ఈ ఊరికి వస్తున్నారని నాకు ఎన్నడూ చెప్పలేదు. ఆయన అడిగితే ఆమె చెప్పేదే. అడగకుండా నీళ్ళు తాగి వెళ్ళిపోయారు. నేను గేటు పట్టుకున్నాను.

“అక్కా, ఆ దినం నేను మీ ఇంటికి రాలే. నేనే రాసుకున్న” అన్నాను.

“ఏమని?”

“మీరందరు కలిసి అమ్మిన్రని.”

“గట్లనే అనుకున్నరు తియ్యి అందరు.” ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికయ్యేది.

గడియారం తీసి సంచిలో వేసుకున్నాను. “భూమి ఎవలు అమ్ముదామన్నరక్కా?” అని అడిగాను.

“ఏమో” అంది.

నేను ఊరికే నిలబడ్డాను. ఎండ గోడ మీంచి రోడ్డు మీదికి దిగింది. చాలాసేపటికి ఆమె తనలో తాను అనుకున్నట్టు మాట్లాడింది. “పెద్దోడు అమ్ముదామన్నడు. మా ఆయన సరే అన్నడు. నేను వద్దన్న. గొంతెండిపోయేదాక వద్దన్న బిడ్డా. కాయితం తెచ్చి, నా యేలు పట్టుకొని ఒత్తిచ్చిన్రు. నేను వద్దన్న ముచ్చట ఏడన్న రాసుందా?”

“లేదక్కా.”

“మరి రాయి.”

గేటు కమ్మీకి కాగితం ఆనించి రాశాను. గాలికి కాగితం నిలవలేదు, అక్షరాలు వంకరటింకరగా పడ్డాయి. ఆమె లేచి వచ్చి నా పక్కన నిలబడింది. “ఏం రాసినవ్? సదువు” అంది. చదివాను. ‘ఎల్లమ్మ వద్దన్నది.’ ఇంకోసారి చదవమంది. ఇంకోసారి చదివాను.

“అవ్” అంది.

అవతల కారు హారను కొట్టింది. ఆమె కొంగు నడుముకు చెక్కుకుని, నేను కాగితం ఆనించి రాసిన ఆ గేటునే పక్కకు లాగి, కారు లోపలికి వెళ్ళేదాకా పట్టుకుని నిలబడింది.