ముందే రాసిపెట్టిన ఆదివారాలు

ఆమెను ఇంట్లో అందరూ తాబేలు అనేవారు. ఇల్లంతా వీపున మోసుకొని తిరిగే మనిషికి అంతకంటె తగిన పేరు దొరకదని మేనత్త పెట్టిన పేరది. కొరియర్ ఆఫీసులో పొట్లాలమీద చిరునామాలు అంటించే పని ఇరవైమూడో ఏట మానేసి, ఆ ఊళ్లన్నీ తానే చూసివస్తానని బయలుదేరిన పిల్ల, నాలుగేళ్లయినా ఇల్లు చేరలేదు. పదకొండు కిలోల సంచి ఆమె ఆస్తి. అందులో రెండు జతల బట్టలు, బరువు తగ్గుతుందని సగానికి విరిచిన పళ్ల బ్రష్షు, పాస్‌పోర్టు కోసం అక్క కుట్టిన లోపలి జేబు ఉండేవి. తనలాంటి సంచివాళ్లు దిగే చవక బసలలో దుప్పట్లు మార్చి, స్నానాలగదులు కడిగి, అందుకు బదులుగా పదహారు పడకల గదిలో ఒక పడక పుచ్చుకొనేది. పని దొరకని ఊళ్లో బస్టాండు బల్లే గతి.

అక్క దర్జీ. తల్లి పోయిన నాటినుంచి చెల్లెలిని పెంచింది ఆమే. ప్రయాణానికి అడ్డు చెప్పలేదు గాని, "వారానికొక్కసారి బతికున్నానని చెప్పు, చాలు" అని ఒట్టు వేయించుకొంది. రెండో ఏట ఒక లోయలో సిగ్నలు లేక పన్నెండు రోజులు కబురు అందకపోయేసరికి, అక్క కొట్టు మూసి పోలీసు స్టేషను మెట్లమీద కూర్చుంది. అది తెలిసి తాబేలు సిగ్గుపడి, ఒక ఉపాయం కనిపెట్టింది. కబుర్లను ముందుగానే రాసి ఇంటర్నెట్లో పెట్టి, ఆదివారం ఉదయం ఎనిమిదింటికి వాటంతటవే వెళ్లేటట్లు అమర్చేది. తన ఫోనుకు సిగ్నలున్నా లేకున్నా అక్కకు అవి అందేవి. అబద్ధమాడుతున్నానని ఆమె ఏనాడూ అనుకోలేదు. వచ్చే వారం కూడా బాగానే ఉంటానన్న ధీమా ఆమెది.

ఆ చలికాలం, జనం రాని రోజుల్లో, ఒక కొండఊరి బసకు కాపలాగా కుదిరింది. యజమాని కూతురింటికి ప్రయాణమవుతూ అడిగాడు.

"ఆరు వారాలు ఒక్కదానివే ఉండగలవా అమ్మాయ్? పలకరించడానికి పిల్లి కూడా ఉండదు."

"నాలుగేళ్లుగా గురకల మధ్య పడుకుంటున్నానండీ. ఈ నిశ్శబ్దమే నాకు జీతం."

"మంచిది. అదొక్కటే ఇవ్వగలను" అని నవ్వి, తాళాలగుత్తి చేతిలో పెట్టాడు.

ఇక్కడ జరగడానికేముందిలే అనుకొని, ఆ సాయంత్రమే ఆరు ఆదివారాలకూ కబుర్లు రాసి పడేసింది.

మూడో వారం శుక్రవారం మధ్యాహ్నం మేడమీదికి పరుపు మోస్తుండగా, తాను తుడిచిన తడి మెట్టుమీదే కాలు జారింది. మెట్ల మలుపులో పడింది. మోకాలిలో ఏదో విరిగిన చప్పుడు ఆమెకే స్పష్టంగా వినిపించింది. సిగ్నలు అందేది కింది బల్లదగ్గర మాత్రమే కాబట్టి ఫోను అక్కడుంది. మధ్యలో ఇరవైరెండు మెట్లు. కదిలితే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. ఎంత అరిచినా విన్నవి గోడలే.

ఆదివారం దాకా ఓపిక పట్టాలని నిశ్చయించుకొంది. ఆ పొద్దున తన కబురు అందకపోతే అక్క ఊరుకోదు. యజమానిని కాదు, దేశాన్నే లేపుతుంది. ఆ ఒక్క ఆశతో, పక్కనున్న బకెట్టులోని మురికినీళ్లు తాగుతూ రెండు రోజులు పడి ఉంది. రెండోనాటికి కాలు కాగి, ఒళ్లంతా జ్వరం పట్టింది.

ఆదివారం కిటికీలో వెలుగు వచ్చాక, కింద ఫోను ఒక్కసారి మోగింది. అక్క జవాబులకు మాత్రమే పెట్టుకొన్న మోత అది.

నొప్పిలో మరిచిపోయిన సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది: ఆరు ఆదివారాలకూ తానే ముందుగా రాసిపెట్టింది. కబురు వెళ్లిపోయింది. ఇంకా మూడు వెళ్లవలసి ఉన్నాయి. తనకోసం ఎవరూ రారు.

కాలిని పరుపుమీది దుప్పటితో చుట్టి, కూర్చొని, మెట్టు తరువాత మెట్టు దిగింది. రెండుసార్లు స్పృహ తప్పింది. ఇరవైరెండు మెట్లకు మిట్టమధ్యాహ్నమయింది. ఫోను తెరలో తన మాటలే కనిపించాయి: "అక్కా, బాగున్నాను. ఈ వారమంతా విశ్రాంతి." దాని కింద అక్క మాటలు: "హమ్మయ్య. బాగా పడుకో తల్లీ."

అక్కకే ఫోను చేసింది.

"అక్కా, మెట్లమీద పడ్డాను. కాలు విరిగింది."

"ఎప్పుడే?"

"శుక్రవారం."

అవతల కుట్టుమిషను ఆగింది. "పొద్దున్నేగా విశ్రాంతి అన్నావు?"

"అది ముందే రాసిపెట్టిందక్కా."

"ఎన్నాళ్లనుంచి ఇలా?"

"రెండేళ్లనుంచి."

అక్క తిట్టలేదు, ఏడవలేదు. "ఆ బస ఆయన నంబరు చెప్పు" అంది, అంతే. గంటలో యజమాని పంపిన పొరుగువాళ్లు తలుపు పగలగొట్టారు.

పడినరోజే తెచ్చి ఉంటే మోకాలు దక్కేదని డాక్టరు చెప్పాడు. రెండు ఆపరేషన్లు చేసి కాలు నిలబెట్టాడు గాని, మోకాలు ఇక వంగదు, సంచి వీపుకెక్కదు. దూరప్రయాణం చేయగలిగేదాకా ఆ ఆసుపత్రి లాండ్రీలోనే, ఎత్తుబల్లమీద కూర్చొని దుప్పట్లు మడిచే పనీ, ఉండడానికి ఒక గదీ ఇచ్చారు. నాలుగేళ్లు ఊరూరా చేసిన పనే అది.

ఇప్పుడు ఆదివారం ఎనిమిదింటికి అక్కే ఫోను చేస్తుంది.

"బాగున్నానక్కా."

"అది అడగలేదు. ఇప్పుడు నీ కిటికీలో ఏం కనిపిస్తోంది?"

"గోడ. ఒక పైపు. రంగు ఊడిపోయింది."

"ఇంకా?"

"ఎవరిదో సైకిలు ఆనించి ఉంది."

"ఏ రంగు?"

పడకమీదనుంచి చక్రం మాత్రమే కనిపిస్తోంది. ఏదో ఒక రంగు చెప్పేయవచ్చు. తాబేలు ఊతకర్ర కోసం చేయి చాచింది.

"ఉండు, లేచి చూసి చెప్తా."

"లే" అంది అక్క. "వింటున్నాను."