పది కిలోలకు పట్టని చీరలు

అల్లుడి ఇంట్లో కూతురి కర్మ ముగిసిన మరునాడు ఆమె చీరలు తీసుకుని తమ్ముడితో బయలుదేరాను. అల్లుడి ఉద్యోగం ఎక్కడో ఈశాన్యపు కొండల్లో. పుట్టింటివాళ్లు పెట్టిన చీరలు పుట్టింటికే తిరిగి రావాలన్నది మా ఇళ్లలో ఆనవాయితీ. అన్నీ మదనపల్లె మగ్గాల దగ్గర నేను బేరమాడి కొన్నవే. ఒకటి పెళ్లిది, ఒకటి కుప్పంలో చదువు ముగించినప్పటిది.

పోయేటప్పుడు బెంగళూరులో విమానం ఎక్కుతుంటే సామాను మనిషికి పదిహేను కిలోలన్నారు. వచ్చేటప్పుడూ అంతే కదా అని, కొట్టులో తూకం వేయించి మరీ సంచులు కట్టాను. తీరా ఆ కొండల్లోని విమానాశ్రయంలో, టికెట్టు ఒకటే అయినా విమానాలు రెండు కంపెనీలవన్నారు. ముందు ఎక్కాల్సిన చిన్న విమానం వాళ్ల లెక్క పది కిలోలేనట. డబ్బు కట్టినా చోటు లేదట.

తమ్ముడిది టమాటా వ్యాపారం, నాలుగు హిందీ ముక్కలు వచ్చు. కౌంటరు పిల్లతో వాదించి వాదించి వచ్చాడు.

“పోయేటప్పుడు పదైదు, వచ్చేటప్పుడు పదంట! మండీలో ఇట్ల తూకమేస్తే బాక్సులు నెత్తిన కొడతారు. అక్కా, నాలుగు చీరలు ఈడనే ఎవురికన్నా ఇచ్చేస్తాం.”

“నీ చొక్కాలు ఇచ్చెయ్ రా. నా బిడ్డ చీర ఒగటీ ఈడ ఉండకూడదు.”

వాడి చొక్కాలు, నా బట్టలు, గిన్నెలు అన్నీ తీసేశాం. ఇంకా మూడు చీరల బరువు ఎక్కువే ఉంది.

“ఒంటిమీద ఉండేది తూకమెయ్యరంటక్కా. కట్టుకో.”

“నేనా? ఎర్రంచు చీరలా?”

వాడు తల దించుకున్నాడు. భర్త పోయినప్పటి నుంచి నేను రంగు చీర కట్టలేదు.

ఆడవాళ్ల గదిలోకి పోయి మూడింటినీ ఒకదానిమీద ఒకటి చుట్టుకున్నాను. బయటికి వస్తే జనమంతా చూశారు. తమ్ముడు మాత్రం చూడలేదు.

కలకత్తాలో పెద్ద విమానం దగ్గర, “ఈళ్ల లెక్క పదైదే. ఇంగ తీసెయ్ అక్కా, చేతిసంచిలో పెడతా,” అన్నాడు. తీయలేదు. బెంగళూరు నుంచి పుంగనూరు బస్సులో ఉక్కపోస్తున్నా తీయలేదు.

ఇంటికి వచ్చి ఒక్కొక్కటే విప్పి ముఖానికి ఆనించుకున్నాను. అల్లుడి ఇంట్లో బీరువా తెరిచినప్పుడు వాటిలో బిడ్డ వాసన ఉండింది. ఇప్పుడు మూడింటికీ నా చెమట వాసనే.

సంచిలో వచ్చిన చీరల ముడి ఇంకా విప్పలేదు.