మరియం విన్న రెండో గొంతు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు ముందునుంచీ ఒళ్ళు మంట. మా ఉద్దానం ఊళ్ళలో ఆడదానికి రెండు రోజులు జ్వరం తగ్గకపోతే చాలు, గాలి సోకిందని తాయెత్తు కట్టించడానికి తయారైపోతారు. ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళండని వాళ్ళతో తగువు పెట్టుకునే రకం నేను. ఇది రాస్తున్నది నమ్మకం మారి కాదు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెడదామని, అంతే.

నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తాను. లోడు వచ్చినప్పుడు బస్తాల్లోంచి నమూనాకి పిక్కలు తీసి, కోసి, లోపల పప్పు ఎలా ఉందో చూసి చెప్పడం నా పని. మా చుట్టుపక్కల తోటల పిక్కలు ఫ్యాక్టరీలకి చాలవు. ఆఫ్రికా నుంచి ఓడల మీద వస్తాయి. మాకు ఎక్కువగా ఐవరీ కోస్టు సరుకు వస్తుంది. అక్కడివాళ్ళు ఫ్రెంచి మాట్లాడతారు. మధ్యలో దళారులు ఒక సరుకు చెప్పి ఇంకో సరుకు పంపేవారు. మా ఓనరు విసిగిపోయి ఒకరోజు నాతో అన్నాడు.

"డిగ్రీ సదివావు కదమ్మా రాజేశ్వరీ. ఆ ఫ్రెంచేదో నేర్సుకో. కొనుగోళ్ళ సీట్లో నిన్నే కూకోబెడతాను."

ఆయన సరదాకి అని ఉండొచ్చు. నేను మాత్రం ఆ మాట వదల్లేదు. ఎందుకు వదల్లేదో తెలియాలంటే మా అత్త గురించి చెప్పాలి.

పెళ్ళయిన కొత్తలో టెక్కలిలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరాను. మధ్యలో జ్వరం వచ్చి మంచం మీదున్నప్పుడు స్కూలు నుంచి ఫోనొచ్చింది. అత్త ఎత్తి, "రేపట్నించి మా కోడలు రాదు" అని చెప్పి పెట్టేసింది. ఆ సంగతి నాకు తెలియదు. జ్వరం తగ్గి స్కూలుకి వెళ్తే నా కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది. ఇంటికొచ్చి అడిగితే అత్త దాచనైనా దాచలేదు. తనే చెప్పానంది.

ఆవిడకి చదువు లేదు. ఫోనంటే అసలు పడేది కాదు. నేను ఎవరితో మాట్లాడుతున్నా గుమ్మంలో వచ్చి నిలబడేది. ఒక్కరోజూ నన్ను పేరు పెట్టి పిలవలేదు. నా బీయే చదువుని వెక్కిరిస్తూ "బియ్యే గుంట" అనేది. మా వైపు గుంట అంటే ఆడపిల్ల. ఏ మాట అన్నా చివర, వింటున్నావా అన్నట్టు, "ఇంటన్నావా" అని తగిలించేది. తరవాత కిడ్నీలు పోయాయి. డయాలసిస్‌కి పలాస తీసుకెళ్ళి తీసుకొచ్చిందాన్ని నేనే. దారంతా ఆటోలో నన్ను తిడుతూనే ఉండేది. ఆవిడ పోయాక, తల్లీకూతుళ్ళలా ఉండేవారని ఊరంతా అన్నారు. శుద్ధ అబద్ధం. నాకు ఏడుపు రాలేదు.

ఆవిడ సంవత్సరీకం అయ్యాక ఫోన్లో ఒక యాప్ పెట్టుకున్నాను. పరాయి భాష నేర్చుకునేవాళ్ళు, ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్ళతో స్నేహం చేసి మాట్లాడుకోవడానికి అది. మొదట తగిలిన మగాళ్ళందరికీ భాష కంటే నా ఫొటో మీదే శ్రద్ధ. వరసపెట్టి బ్లాక్ చేశాను. ఆ తరవాత మరియం దొరికింది. ఐవరీ కోస్టులో ఒక చిన్న ఊళ్ళో బడిపంతులమ్మ. ఆమెకి ఇంగ్లీషు కావాలి, నాకు ఫ్రెంచి కావాలి. మాకు దీపాలు పెట్టే వేళ వాళ్ళకి మధ్యాహ్నం భోజనాల వేళ. అప్పుడు ఇద్దరం గొంతు రికార్డు చేసి పంపుకునేవాళ్ళం. ఇది నా ఇల్లు, ఇది నా తలుపు, ఈమె ఎవరు అంటూ మొదలుపెట్టాను. తప్పు చెబితే మొహమాటం లేకుండా దిద్దేది. నాకు ఆమె చాలా నచ్చింది.

కొన్నాళ్ళకి మరియం, మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు అంది. మా ఇంట్లో ఎవరూ లేరన్నాను. మా ఆయన లారీ డ్రైవరు, వారంలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. మరి ప్రతి రికార్డులోనూ నీ వెనక మాట్లాడుతున్న ముసలావిడ ఎవరు అని అడిగింది. నేను నవ్వేశాను. ఆమె నవ్వలేదు. నేను అబద్ధమాడుతున్నానని ఆమెకి కోపం. ఆవిడ నిన్నే కాదు, నన్నూ తిడుతున్నట్టుంది అంది.

నా రికార్డులన్నీ మళ్ళీ విన్నాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. ఫ్యాక్టరీలో నా పక్కన కూర్చునే అమ్మాయికి కూడా వినిపించాను. నా గొంతు తప్ప ఏమీ లేదు. అదే మాట మరియానికి రాశాను. ఆమె పంతం పట్టి, తనకి వినబడింది వినబడినట్టు తన నోటితో పలికి పంపింది.

మరియానికి తెలుగనే భాష ఒకటుందని కూడా నేను చెప్పేదాకా తెలియదు. ఆమె గొంతులో ఒక్కో ముక్కా వత్తి వత్తి వచ్చింది.

"ఎవుల్తోటే ఆ మాటలు, బియ్యే గుంటా? ఫోన్ పెట్టీ. ఇంటన్నావా?"

అప్పుడు పొయ్యి మీద అన్నం మాడిపోయినా నేను లేవలేదు.

మా ఆయన వచ్చాక వినిపించాను. నేను ఆయన మేనమామ కూతుర్ని కాబట్టి చిన్నప్పటి నుంచీ ఆయన్ని బావా అనే పిలుస్తాను. ఎప్పుడూ నా మీద గొంతు పెంచని మనిషి. రెండుసార్లు విని, ఫోను మంచం మీదకి విసిరేశాడు.

"సచ్చిపోయిన మాయమ్మ మాటలు పరాయిదానికి నేర్పి ఎక్కిరిత్తన్నావా?"

ఒట్టేసి చెప్పినా నమ్మలేదు. మళ్ళీ లారీ ఎక్కేదాకా నాతో మాట్లాడలేదు. నాకూ పౌరుషం వచ్చింది. ఆయన వెళ్ళాక, అత్త మంచం ఉండే మూల వైపు తిరిగి, బతికుండగా అనలేని మాటలన్నీ అన్నాను. పాఠం మాననని కూడా చెప్పాను.

ఆ మర్నాటి రికార్డు విని మరియం మూడు ముక్కలు రాసి పంపింది. ఈసారి ముసలావిడ ఫ్రెంచిలో మాట్లాడింది. ఇది నా ఇల్లు, ఈమె ఎవరు అని అడిగింది. నీకంటే బాగా పలికింది.

అవి నా మొదటి పాఠాలు. వాటిని గట్టిగా వల్లె వేసింది అత్త మంచం ఉండే ఆ గదిలోనే. ఇక దాచలేక, ఆవిడ పోయి ఏడాది దాటిందని మరియానికి చెప్పాను. వెంటనే ఆమె నన్ను బ్లాక్ చేసేసింది. అత్త చచ్చాక కూడా నాకు మాటా మంచీ లేకుండా చేసిందని ఆ రోజు ఏడ్చాను. అత్త పోయినప్పుడు రాని ఏడుపు ఆ రోజు వచ్చింది.

తరవాత ఇంట్లో ఫ్రెంచి మాట ఎత్తలేదు. ఫ్యాక్టరీలో భోజనాల విరామంలో వేరేవాళ్ళతో మాట్లాడేదాన్ని. వాళ్ళెవరికీ నా గొంతు తప్ప ఇంకేమీ వినబడలేదు. ఆవిడ ఇల్లు దాటి రాదనుకుని ధైర్యం తెచ్చుకున్నాను.

పిక్కల సీజను మొదలయ్యాక ఓనరు నన్ను తన గదిలోకి పిలిచి, ఐవరీ కోస్టు నగరం అబిజాన్‌లో ఉన్న అమ్మకందారుకి ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. పట్టపగలు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. పిక్క ఎంత ఆరిందో, ఏ జిల్లా సరుకో, నమూనా ఎప్పుడు పంపుతాడో అన్నీ ఫ్రెంచిలో అడిగాను. అతను అన్నిటికీ ఓపిగ్గా చెప్పాడు. ఓనరు మొహం వెలిగిపోయింది. చివర్లో అతను ఓనరుతో వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడాడు. మీ ఆడవాళ్ళిద్దరూ ఫ్రెంచి బాగా మాట్లాడుతున్నారన్నాడు. కానీ పెద్దావిడ, రేపట్నుంచి మా కోడలు రాదు అంటోంది, మరి ఇక మీదట నేనెవరితో మాట్లాడాలి అని అడిగాడు.

ఓనరు నా వైపు తిరిగాడు. "మానేత్తన్నావా అమ్మా? నాకొక్క ముక్క సెప్పాలి కదా."

ఆ స్కూలు సంగతి నేను మరియానికి కూడా ఎప్పుడూ చెప్పలేదు. నాకు భయం వెయ్యలేదు, ఒళ్ళు మండిపోయింది. ఫోను మీదకి వంగి, రేపు వస్తాను, ఎల్లుండీ వస్తాను, రోజూ వస్తాను అని ఫ్రెంచిలో గట్టిగా చెప్పాను. మర్నాడు గేటు తియ్యకముందే వెళ్ళి నిలబడ్డాను. ఇప్పుడు కొనుగోళ్ళ సీటు నాదే.

లైన్లో ఇంకెవరిదో మాట కలిసి ఉంటుందని ఓనరు తేల్చేశాడు. మా ఆయన ఆ ఊసెత్తడు. నేను మాత్రం ఎంత ఆలోచించినా దీనికి జవాబు పట్టుకోలేకపోయాను. ఎవరితో మాట్లాడినా చివర్లో, నేను కాక ఇంకెవరైనా మాట్లాడారా అని అడగడం అలవాటైపోయింది. లేదని నవ్వుతారు.

మొన్న ఫోన్లో కొత్తగా కలిసిన ఒక అమ్మకందారు మాత్రం నవ్వలేదు. గొంతు తగ్గించి, మీరు ఒంటరిగా ఉన్నప్పుడు చెబుతాను అన్నాడు.

ఆ గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను.