సార్ల కోసం మెత్తటి రొట్టెలు

రిబ్కమ్మ చేతి జొన్నరొట్టెకు కంగ్టి చుట్టుపక్కల వంక పెట్టినవాళ్లు లేరు. ఎండబెట్టి ఖడక్ రొట్టె చేసిందంటే ఇరవై రోజులైనా చెడదు. ఏం లాభం? దీపావళి దాటగానే చెరుకు కొట్టడానికి లారీ ఎక్కక తప్పదు. పోయినేడు అక్కడే నడుం పట్టేసి వారం రోజులు లేవలేకపోయింది.

ఈ ఏడు అమ్మను లారీ ఎక్కనివ్వకూడదని కూతురు నిస్సీ పంతం పట్టింది. హైదరాబాద్‌లో ఆమె చదివే యూనివర్సిటీలో, సొంత వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లకు చేయూతనిచ్చే విద్యార్థుల సంఘం ఒకటుంది. ఏటా పోటీ పెట్టి ఒక్కరిని ఎంచుకుని, వాళ్ల సరుకు హాస్టళ్లకు పోయే ఏర్పాటు చేస్తుంది. నిస్సీ ఖడక్ రొట్టెతో పోటీకి దిగింది. నిలవుండడమే దీని గొప్ప అని అద్దం ముందు నిలబడి చెప్పుకుంది, పిచ్చిపిల్ల.

పోటీకి ముందురోజు పొద్దున్నే నారాయణఖేడ్ బస్టాండులో రిబ్కమ్మ గుడ్డతో బిగించి కట్టిన డబ్బా చేతికిచ్చింది.

"ఇప్పకు బిడ్డా. సార్ల ముంగటనే ఇప్పు."

మర్నాడు సంఘం నాయకుడు సంగమేశ్, ఎంపిక చేసే ముగ్గురు సార్లు చూస్తుండగా, "ఇరవై దినాలైనా గిట్లనే ఉంటది సార్" అంటూ నిస్సీ మూత తీసింది. గుప్పుమని పుల్లటి వాసన. లోపలున్నవి మెత్తటి రొట్టెలు, చెమ్మపట్టి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఒక సారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "వచ్చే ఏడు చూద్దాం నిస్సీ," అన్నాడు సంగమేశ్ మెల్లగా. ఆమె డబ్బా మూత పెట్టేసింది.

ఇంటికొస్తే తల్లి వాకిట్లోకే ఎదురొచ్చింది.

"సార్లు తిన్నరా?"

"ఖడక్ రొట్టెలు ఏమైనయమ్మా?"

"ఇంట్లనే ఉన్నయి. గంత పెద్దోళ్లకు ఎండురొట్టెలు పెడ్తరా? పాస్టరయ్య వస్తే పెడ్తమా మనం? తెల్లారగట్ల లేసి వేడివేడిగ చేసిన. మంచిగున్నయన్నరా?"

ఇంటికొచ్చినవాళ్లకు ఎండురొట్టె పెట్టడమంటే అక్కడ మర్యాద తప్పడమే. నిస్సీకి తెలియనిదా? సార్లు తింటారమ్మా అని చెప్పిందీ తనే. ఇక ఎవరిమీద కోపం తెచ్చుకుంటుంది?

"మంచిగున్నయన్నరు," అంది.

దీపావళి తెల్లారి లారీ వచ్చింది. రిబ్కమ్మ నడుముకు కొంగు బిగించుకుని గుడ్డసంచి తెరిచి చూపించింది. అన్నీ పోటీ కోసం చేసిన ఖడక్ రొట్టెలే.

"సూడు, ఒక్కటి గూడ కరాబు గాలే. ఆడ పది దినాలకు సరిపోతయి," అంది మురిపెంగా.

ఆమె లారీ ఎక్కాక, నిస్సీ ఆ సంచిని కిందినుంచి అందించింది.